సెక్వోయా తోపును చూడబోవు రైతు సోదరులకు

చెట్టును చూచుటలో రైతు చూపు వేరు. బాటసారి నీడ ఎంత యున్నదో, కాయ ఎంత కాచినదో చూచి సాగిపోవును. రైతు ముందుగా మొదలు చూచును. పాదులో తడి యున్నదా, వేరు బయటపడినదా, మ్రానుకు చెదలు పట్టినదా అని విచారించిన పిదపనే తల యెత్తి కొమ్మలవంక చూచును. ప్రపంచములోకెల్ల పెద్ద చెట్లను చూడబోవునపుడు కూడ ఈ అలవాటును వదలవలదని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయబడినది.

మన పాఠకులలో అనేకుల కుమారులు, కుమార్తెలు నేడు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగములలో నున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు కొన్ని నెలలు అక్కడ గడుపుటయు, సెలవు దినములలో పిల్లలు వారిని ఊళ్ళు, వింతలు చూపుటకు తీసికొనిపోవుటయు పరిపాటి. అట్టి ప్రయాణములలో రైతు కుటుంబమువారు తప్పక చూడదగిన చోటు సెక్వోయా జాతీయ ఉద్యానవనము. అందు ‘జెయింట్ ఫారెస్టు’ అను తోపు కలదు. అచ్చటికి పోలేనివారికి కూడ ఈ చెట్ల కథలో నేర్వదగిన దున్నది. రెండువేల యేండ్లు నిలిచిన చెట్టుకు మనిషి మేలు చేయబోయి కీడు చేసెను. పిదప తన తప్పు తెలిసికొని దానిని దిద్దుకొనుచున్నాడు. ఆ వైనమంతయు ఆ తోపులో నేలమీదనే కనబడును.

తోపునకు పోవు దారి

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమునుండి గాని, లాస్ ఏంజెలిస్ నుండి గాని బయలుదేరినచో సుమారు నాలుగైదు గంటల మోటారు ప్రయాణము. కొండ యెక్కుటకు ముందు శాన్ వాకీన్ లోయను దాటవలెను. వైసేలియా పట్టణము దాటిన పిదప దారి ప్రక్కల నారింజ తోటలు కనబడును. ద్రాక్ష, బాదము తోటలును, వందలు, వేలు ఆవులుగల పాడిశాలలును ఆ లోయలో విరివిగా కలవు.

అక్కడ కారును ఒక నిముషము నిలుపుమని పిల్లలతో చెప్పుడు. ఆ తోటలను చూచి మీకొక సందేహము కలుగవలెను. ఈ లోయలో ఏడాదికి కురియు వాన మన అనంతపురము వానలో ఇంచుమించు సగము మాత్రమే. అదియు శీతకాలముననే పడును. వేసవి నెలలు పొడిగా గడచును. మరి ఇన్ని తోటలకు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? తూర్పున గోడవలె నిలిచిన సియెర్రా నెవాడా కొండలవంక చూడుడు. శీతకాలమున వాటిపై మంచు కురిసి పేరుకొనును. వేసవి ముదిరినకొలది అది కరగి ఏరులై దిగును. అట్టి ఏరులలో కవీయా నది యొకటి. దానిపై 1962లో పూర్తియైన టెర్మినస్ ఆనకట్ట జలాశయపు ఒడ్డునుండియే మీ దారి పోవును. క్రింద నారింజ తోటను బ్రదికించు మంచే పైన సెక్వోయా తోపును కూడ బ్రదికించుచున్నదని గుర్తుంచుకొనుడు. ఆ సంగతి ముందు పనికివచ్చును.

పార్కు ద్వారము సముద్రమట్టమునకు సుమారు 1,700 అడుగుల ఎత్తున నున్నది. అక్కడనుండి 16 మైళ్ళ దూరములో దారి 6,400 అడుగుల ఎత్తునకు ఎక్కును. మలుపులు మెండు. కడుపులో త్రిప్పువారు తేలికగా తిని బయలుదేరుట మంచిది. మొదట ఎండిన గడ్డి, పొట్టి ఓకు చెట్లు కనబడును. పైకి పోయినకొలది గాలి చల్లబడి పైన్, ఫర్ చెట్లు వచ్చును. ఆ చెట్ల నడుమ హఠాత్తుగా దాల్చినచెక్క రంగుగల లావుపాటి మ్రాను ఒకటి ఎదురగును. అదియే సెక్వోయా.

ఈ తోపునకు మొదటి బండిదారిని 1903లో చార్లెస్ యంగ్ అను కెప్టెన్, ఆయన క్రింద పనిచేసిన నల్లజాతి అశ్వికదళపు సైనికులు పూర్తిచేసిరి. అప్పటికి ఉద్యానవనము ఏర్పడి పదమూడేండ్లయినది. 1890 సెప్టెంబరు 25వ తేదీన చట్టము చేసి ఈ చెట్లను కొట్టకుండ కాపాడిరి. అప్పటివరకు చూచుటకు వచ్చువారికి సరియైన బాట యైనను లేదు.

ఎంత చెట్టు!

సెక్వోయా అను పేరుతో రెండు జాతులను కలిపి చెప్పుట కలదు. సముద్రతీరమున పెరుగు రెడ్‌వుడ్ వేరు. అది ఎత్తులో మిన్న. కొండలపై పెరుగు ఈ జెయింట్ సెక్వోయా లావులో మిన్న. దీని శాస్త్రీయ నామము సెక్వోయాడెండ్రాన్ జైగాంటియం. ఇది సహజముగా పెరుగు చోటు ప్రపంచములో ఒక్కటే. సియెర్రా నెవాడా కొండల పడమటి వాలు. అందును ఎక్కువగా 5,000 నుండి 7,000 అడుగుల ఎత్తుగల పట్టీలో, ఎనుబదికి లోపు తోపులుగా, 260 మైళ్ళ పొడవున చెదరియున్నది.

జెయింట్ ఫారెస్టులోని ‘జనరల్ షెర్మన్’ అను చెట్టు ఘనపరిమాణములో బ్రదికియున్న ఒంటి మ్రాను చెట్లన్నిటిలోకి పెద్దది. దాని ఎత్తు 275 అడుగులు. ఎనుబది అడుగుల తాటిచెట్లను మూడింటిని ఒకదానిపై నొకటి నిలిపినను దాని కొన అందదు. నేలవద్ద చుట్టుకొలత 102 అడుగులు. అనగా పద్దెనిమిది, ఇరువదిమంది పెద్దవారు చేతులు పట్టుకొని నిలిచిన గాని చుట్టు కలియదు. మొదటి పెద్ద కొమ్మ 130 అడుగుల ఎత్తున గాని రాదు. మ్రానులోని కలప సుమారు 52,500 ఘనపుటడుగులు. వయస్సు సుమారు 2,200 ఏండ్లని అంచనా. మన దేశమున అశోకుని కాలమునకు కొంచెము అటునిటుగా ఇది మొలకెత్తియుండును. పూర్వము కొట్టిన మొద్దులపై వలయములు లెక్కించి చూడగా 3,200 ఏండ్లు దాటి బ్రదికిన సెక్వోయాలు కూడ నున్నట్లు తేలినది.

ఈ చెట్టు పైకొన ఎండిపోయినది గనుక ఎత్తు పెరుగదు. కాని ఏటేట మ్రాను చుట్టు ఒక్కొక్క వలయము చేర్చుకొనుచు లావెక్కుచునే యున్నది. రెండువేల యేండ్ల చెట్టు ఇంకను పెరుగుచున్నదన్న మాట.

ఇంతవరకు పైకి చూచుట అయినది. ఇక క్రిందికి చూడుడు.

వేరు లోతు లేదు

ఇంత మ్రానును నిలుపు వేరు పాతాళము దాక పోయియుండునని మీరనుకొనవచ్చును. అది పొరపాటు. మొలకగా నున్నపుడు దీనికి తల్లివేరు ఉండును. చెట్టు పెద్దదగుసరికి తల్లివేరు నిలువదు. ప్రక్కవేళ్ళే పెరిగి నేలలో పరచుకొనును. పెద్ద చెట్టు వేళ్ళు కూడ సాధారణముగా 12 నుండి 14 అడుగుల లోతునకు మించిపోవు. కాని వెడల్పున ఒక ఎకరము నేలను మించి ఆక్రమించును. నీటిని, పోషకములను పీల్చు సన్నని పిల్లవేళ్ళు నేలపొరకు చాల దగ్గరగా నుండును.

కనుక మీరు చెట్టు మొదట నిలుచున్నపుడే గాక, దానికి నూరడుగుల దూరమున నిలుచున్నను దాని వేళ్ళమీదనే నిలుచున్నట్లు.

వేసవిలో ఒక పెద్ద సెక్వోయా రోజునకు 500 నుండి 800 గ్యాలన్ల నీరు తీసికొనునని పరిశోధకులు లెక్కించిరి. వేసవిలో వాన లేదు. శీతకాలపు మంచు మెల్లగా కరగి నేలలో ఇంకిన నీరే ఆధారము. ఆ నీరు ఇంకవలెనన్న నేల గుల్లగా నుండవలెను. పశువులు త్రొక్కిన బాటలో నీరు ఇంకక జారిపోవుట మీరు మీ చేలగట్లమీద చూచినదే. వేలాది పాదములు త్రొక్కిన నేల గతియు అదియే.

తోపులో ఊరు పెట్టిరి

జెయింట్ ఫారెస్టునకు మొదట వచ్చిన తెల్లజాతి కాపురస్థుడు హేల్ థార్ప్ అను పశువుల కాపరి. 1858లో అక్కడి స్థానిక జాతివారు ఆయనను పైకి తీసికొనివచ్చి చూపిరి. ఆయన వేసవిలో పశువులను పైనున్న పచ్చికబయళ్ళలో మేపుచు, కూలిపోయి లోపల కాలి గుల్లయైన ఒక సెక్వోయా దుంగనే ఇల్లుగా చేసికొని కాపురముండెను. ‘థార్ప్స్ లాగ్’ అను ఆ దుంగను నేటికిని చూడవచ్చును. సెక్వోయా చేవకు పుచ్చు త్వరగా పట్టదు గనుక పడిన మ్రాను కూడ తరతరములు నిలుచును. 1875లో జాన్ మ్యూర్ అను ప్రకృతి పరిశోధకుడు ఈ చోటికి వచ్చి దీనికి జెయింట్ ఫారెస్టు అని పేరు పెట్టెను.

దారి పడిన పిదప చూచువారు పెరిగిరి. వారికొరకు చెట్ల నడుమ బసలు, అంగళ్ళు, భోజనశాలలు, కారులు నిలుపు తారు మైదానములు కట్టిరి. ఇరువదవ శతాబ్దపు తొలి సగములో పార్కును చాలకాలము నిర్వహించిన కర్నల్ జాన్ వైట్, ఈ కట్టడములు తోపునకు హానియని చెప్పి తీసివేయించుటకు ప్రయత్నించెను. అప్పుడు ఎవరును వినలేదు. కట్టడములు వేళ్ళమీద కూర్చున్నవి. తారు క్రింద నేలకు గాలి లేదు, నీరు లేదు. పైగా ఏ కొమ్మ ఏ ఇంటిపై పడునో యను భయముతో చెట్లనే నరుకవలసిన స్థితి వచ్చినది.

చివరకు 1990 తరువాతి సంవత్సరములలో 282 కట్టడములను పెరికివేసి, తారును లేపి, బిగిసిన నేలను గుల్లజేసి, అడవి మొక్కలను తిరిగి మొలిపించిరి. బసలను తోపు వెలుపలికి మార్చిరి. 1928లో కట్టిన అంగడి భవనమును మాత్రము మ్యూజియముగా మిగిల్చిరి. మీరు ఆ మ్యూజియము ఎదుట నిలిచినపుడు చుట్టు చూడుడు. గుంపుగా పెరుగుచున్న లేత సెక్వోయాలు కొన్ని చోట్ల కనబడును. పూర్వము ఇళ్ళున్న నేల అది.

మన మహబూబ్‌నగరు దగ్గరి పిల్లలమర్రి కథ తెలిసినవారికి ఇది క్రొత్త గాదు. చెదలు పట్టి కొమ్మ విరిగిపడగా 2017 డిసెంబరులో ఆ మర్రిని చూడవచ్చు జనమును ఆపి, 2018లో సెలైను సీసాలవంటి వాటితో మందు ఎక్కించి కాపాడవలసి వచ్చినది. ప్రేమతో వచ్చిన పాదమైనను వేరుకు బరువే.

గొడ్డలి చేసిన నష్టము

పార్కు హద్దులోనికి రాని తోపులు అన్నియు ఇంత అదృష్టము పొందలేదు. ఉత్తరమున గ్రాంట్ గ్రోవ్ దాటిన పిదప కన్వర్స్ బేసిన్ అను చోటున పందొమ్మిదవ శతాబ్దపు చివరను గొప్ప తోపునొకదానిని ఇంచుమించు పూర్తిగా నరికివేసిరి. ఇంత పెద్ద మ్రానునుండి ఎంత మంచి కలప వచ్చియుండునో యని మీరనుకొందురు. కాని ముదురు సెక్వోయా కలప పెళుసు. చెట్టు కూలునపుడు తన బరువునకు తానే నేలపై చితికి ముక్కలగును. చాలవరకు అక్కడనే వృథాగా విడిచిరి. మిగిలినది కంచె గుంజలుగను, ద్రాక్ష తీగెలకు ఊతకర్రలుగను, ఇంటికప్పు పెంకుచెక్కలుగను పోయినది. రెండువేల యేండ్ల చెట్టు కంచెగుంజ యైనదని విన్న రైతు మనస్సు చివుక్కుమనక మానదు. నేడు ఆ మొద్దులు వెనుకటి తోపునకు గుర్తుగా నిలిచియున్నవి.

చట్టము వచ్చి గొడ్డలిని ఆపినది. అంతటితో చెట్టునకు భయము తీరినదని అందరు తలచిరి. కాని అసలు చిక్కు అక్కడనే మొదలైనది.

నారు ఎందుకు మొలవలేదు?

సెక్వోయా కాయ కోడిగ్రుడ్డంత యుండును. అందులో సుమారు 200 గింజలుండును. గింజ చిన్నది, ఒక పౌను తూగవలెనన్న సుమారు 91,000 గింజలు కావలెను. కాయ ముదిరిన వెంటనే విచ్చుకొనదు. పచ్చిగా, మూసికొని, ఇరువది యేండ్లవరకు కొమ్మకు అంటియుండగలదు. కొన్ని కాయలను ఉడుతలు కొరికి పడవేయును. కొన్నింటిని ఒక జాతి పెంకుపురుగు తొలిచి ఎండునట్లు చేయును. అట్లు కొన్ని గింజలు ఏడాది పొడవున రాలుచునే యుండును.

మరి గింజలు రాలుచున్నను తోపులో నారు కనబడలేదు. కారణము మీకు చెప్పనక్కరలేదు. నారుమడిలో చెత్తను తీయక, దున్నక, దానిపై విత్తనము చల్లినచో ఏమగును? మొలక వచ్చినను దాని సన్నని వేరు చెత్తను దాటి మట్టిని అందుకొనకముందే ఎండిపోవును. సెక్వోయా గింజలో నిలువయున్న ఆహారము బహు స్వల్పము. దానికి చెత్త లేని వట్టి మట్టి, తడి, ఎండ ఈ మూడును కావలెను. తోపులోనో, ఏటేట రాలిన సూదులవంటి ఆకులు, పుల్లలు జానెడు, మూరెడు మందమున పేరుకొనినవి. నీడనోర్చు వైట్ ఫర్ చెట్లు క్రింద గుబురుగా పెరిగి ఎండను అడ్డగించినవి.

పూర్వము ఈ నేలను శుభ్రపరచుచుండినది నిప్పు. పాత మొద్దుల వలయములలో కాలిన గుర్తులు చూచి శాస్త్రజ్ఞులు నిప్పుల చరిత్రను వేల యేండ్ల వెనుకకు లెక్కించిరి. కొద్ది సంవత్సరముల కొకమారు పిడుగు వలన గాని, స్థానిక జాతులవారు పెట్టుట వలన గాని చిన్న మంట నేలపై ప్రాకి చెత్తను, చిన్న పొదలను కాల్చి పోవుచుండెను. పెద్ద సెక్వోయాకు ఆ మంట లెక్కలోనిది గాదు. దాని బెరడు మొదట రెండడుగుల మందము వరకు నుండును. పీచుగా, జిగురు తక్కువగా నుండుటచే త్వరగా అంటుకొనదు. మంట తగిలిన చోట నల్లని గుహవంటి గాయమైనను, రెండు ప్రక్కలనుండి క్రొత్త కలప పెరిగి దానిని మెల్లగా కప్పుకొనుచు వచ్చును. అట్టి గాయములు మీరు చూడబోవు పెద్ద చెట్లలో చాలవాటికి కలవు.

మంట వేడిమి పైకి పోయి కొమ్మలపై మూసియున్న కాయలను ఎండించును. కొన్ని దినములలో కాయలు విచ్చి, బూడిద కలిసిన మెత్తని వట్టి మట్టిపై గింజలు కురియును. దుక్కి దున్నిన నిప్పే విత్తనము కూడ చల్లినట్లయినది.

ఈ సంగతి తెలియక పార్కు వచ్చినదాది ప్రతి మంటను ఆర్పుటయే చెట్టును కాపాడుటయని తలచిరి. ఏడు దశాబ్దములకు పైగా అట్లే జరిగినది. 1960 ప్రాంతమున రిచర్డ్ హార్టెస్‌వెల్డ్ అను శాస్త్రజ్ఞుడు, జనము త్రొక్కుట వలన సెక్వోయాలకు కలుగు హానిని పరిశీలింపబోయి, అంతకంటె పెద్ద ప్రమాదము నిప్పును దూరముంచుటయే యని తేల్చెను. 1964లో రెడ్‌వుడ్ మౌంటెన్ తోపులో ప్రయోగముగా మంట పెట్టి చూచిరి. కాలిన నేలలో సెక్వోయా మొలకలు వచ్చినవి. 1968 నుండి ఈ పార్కులో అదను చూచి, గాలి, తేమ చూచి, కాపలా పెట్టి మంట పెట్టు పద్ధతి అమలులోనికి వచ్చినది.

ఇందుకు మన పొలములలో గడ్డిని, కొయ్యకాలును తగులబెట్టుటతో పోలిక పెట్టుకొనరాదు. మన సాగునేలలో కొయ్యకాలు కాల్చినచో సేంద్రియపదార్థము నశించి, నేల బలము తగ్గును. ఏ నేలకు ఏది తగునో ఆ నేలను, ఆ చెట్టును పరిశీలించి తెలిసికొనవలెను. సెక్వోయా తోపు నేర్పునది ఇదియే.

2020, 2021 సంవత్సరముల దెబ్బ

తప్పు తెలిసిన పిదప దానిని దిద్దుట అంత తేలిక గాలేదు. మంట పెట్టిన ఎకరములకంటె మిగిలిపోయిన ఎకరములే ఎక్కువ. పొగకు జనము భయపడుదురు. అనువైన దినములు కొద్ది. ఇంతలో ఎండలు హెచ్చినవి. 2012 నుండి 2016 వరకు కాలిఫోర్నియాలో గొప్ప అనావృష్టి కలిగినది. 2014లో పెద్ద సెక్వోయాల ఆకులు గోధుమరంగు తిరిగి రాలుట చూచి శాస్త్రజ్ఞులు కలవరపడిరి. కొండపై మంచు తగ్గిన సంవత్సరమున క్రింద నారింజ రైతుకు కాలువ తగ్గినట్లే, పైన చెట్టునకు తడి తగ్గినది.

2020లో కాసిల్ ఫైర్ అను కార్చిచ్చు వచ్చినది. అడుగున పేరుకొనిన చెత్తయు, నిచ్చెనవలె క్రిందినుండి పైకి పెరిగిన ఫర్ చెట్లును మంటను సెక్వోయాల తలలపైకి ఎక్కించినవి. నాలుగడుగులకు మించిన అడ్డుకొలతగల సెక్వోయాలు ఆ ఒక్క కార్చిచ్చులో 7,500 నుండి 10,600 వరకు చనిపోయినవని అంచనా. మరుసటి యేడు, 2021లో, కె.ఎన్.పి. కాంప్లెక్స్, విండీ అను మరి రెండు కార్చిచ్చులలో ఇంకను 2,200 నుండి 3,600 వరకు పోయినవి. లోకమందున్న పెద్ద సెక్వోయాలలో నూటికి 13 నుండి 19 వంతులు రెండేండ్లలో పోయినవన్న మాట. వేల యేండ్లు నిప్పును గెలిచిన చెట్టు నిప్పునకే ఓడినది.

2021 సెప్టెంబరులో మంట జెయింట్ ఫారెస్టు అంచునకు వచ్చెను. అగ్నిమాపకదళమువారు జనరల్ షెర్మన్ మొదలునకు అల్యూమినియపు రేకు చుట్టిరి. ఆ ఫోటోలు లోకమంతట ప్రకటింపబడినవి. కాని తోపును కాపాడినది రేకు ఒక్కటియే గాదు. అంతకు ముందు కొన్ని దశాబ్దములుగా ఆ తోపులో అదను చూచి పెట్టిన చిన్న మంటలు చెత్తను తగ్గించియుంచినవి. పెద్ద మంట అక్కడికి వచ్చుసరికి మేత దొరకక నెమ్మదించినది. ఏటేట చేసిన పని ఆపదనాడు అక్కరకు వచ్చినది.

మంట మరీ తీవ్రమైన చోట్ల కాయలు, గింజలు కూడ కాలిపోయి నారు చాలినంత రాలేదు. అట్టి కొన్ని చోట్ల 2023 నుండి పార్కువారు నర్సరీలో పెంచిన సెక్వోయా నారును నాటుట మొదలిడిరి. దానిపై భిన్నాభిప్రాయములు లేకపోలేదు; అడవిని అడవికే విడువవలెనని కొందరు వాదించుచున్నారు.

చూడబోవువారికి సూచనలు

1. జూన్ నుండి అక్టోబరు వరకు పోవుటకు అనువైన కాలము. శీతకాలమున దారిపై మంచు పేరును. కారు చక్రములకు గొలుసులు కట్టవలసి వచ్చును. బయలుదేరుటకు ముందు దారి తెరిచియున్నదో లేదో, ఎక్కడనైన కార్చిచ్చు ఉన్నదో విచారించుకొనవలెను.

2. పార్కులోపల పెట్రోలు దొరకదు. క్రింది ఊరిలోనే నింపించుకొనుడు. కొండపై సెల్‌ఫోను చాల చోట్ల పనిచేయదు. పటమును ముందుగా దాచుకొనుడు.

3. జనరల్ షెర్మన్ చెట్టును చేరుటకు పై మైదానమునుండి అర మైలు బాట దిగవలెను. దిగుట సుఖమే, తిరిగి సుమారు 200 అడుగుల ఎత్తు ఎక్కవలెను. ఆ చోటు సముద్రమట్టమునకు ఏడువేల అడుగుల ఎత్తున నుండుటచే పెద్దవారికి ఆయాసము వచ్చును. మెల్లగా, కూర్చుండుచు ఎక్కుడు. నడువలేనివారిని దించుటకు దిగువ రోడ్డు ప్రక్కన వేరు చోటు కలదు.

4. జనరల్ షెర్మన్ చూచి తిరిగివచ్చువారే ఎక్కువ. మీరు అక్కడనుండి మొదలగు ‘కాంగ్రెస్ ట్రైల్’ బాట వెంట కూడ నడువుడు. జనము తక్కువగా నుండును. ఒకే చోట గుంపుగా నిలిచిన సెక్వోయాలు, కాలిన గాయములు, మంట పెట్టిన నేలలు అన్నియు ఆ బాటలో కనబడును.

5. బాట దిగవలదు. కంచె దాటి చెట్టును కౌగిలించుకొని ఫోటో తీసికొనవలెనను ఆశ పిల్లలకు కలుగును. వేరు సంగతి వారికి చెప్పి ఆపుడు.

6. కాయ గాని, బెరడు ముక్క గాని, గింజ గాని జేబులో వేసికొనవలదు. అది చట్టవిరుద్ధము.

7. తినుబండారములను కారులో విడువరాదు. వాసన పట్టి ఎలుగుబంట్లు కారు తలుపులను విరుగగొట్టును. అక్కడ ఉంచిన ఇనుప పెట్టెలలో పెట్టి మూయవలెను.

8. తోపులో ఎక్కడనైన నేల నల్లగా కాలియుండిన, అయ్యో యని దాటిపోవలదు. బాటమీదనే వంగి చూడుడు. ఎండ పడిన చోట, బూడిద రంగు మట్టిలో వేలెడు పొడవున, సరుగుడు మొలకను పోలిన పచ్చని మొలకలు కనబడవచ్చును. అవియే సెక్వోయా నారు.

ఈ చివరి సూచనను మరువవలదు. పెద్ద చెట్టును అందరును చూతురు. దాని ఫోటో పిల్లల ఫోనులో ఎటులైనను ఉండును. మొలకను చూచి వచ్చినవారు కొద్దిమంది. ఆ మొలకలు వేలకొలది లేచి, ఎండకు, మంచునకు, నిప్పునకు ఆగి, ఏ ఒకటియో రెండో నిలిచిన గాని మరల రెండువేల యేండ్లకు ఒక జనరల్ షెర్మన్ లేదు. దాని మేలును కోరి నేలను సిద్ధపరచువాడు ఆ చెట్టును చూడబోడు. వాని మనుమలును చూడబోరు. అయినను ఆ పని జరుగుచున్నది. టెంకాయ పాతి మనుమనికి విడిచిన రైతులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.